న్యూక్లిక్ ఆమ్లముల నిర్మాణము - జీవోత్పత్తి సమస్య

భాషాసాహిత్య పరిశోధనకు ఉద్దిష్టమైన ఈ సంచికలో జీవరసాయనమునకు చెందిన విషయమును ప్రస్తావించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని గడచిన డెబ్బది సంవత్సరములుగా జీవశాస్త్రజ్ఞులు తమ శాస్త్రమును చెప్పుకొనుటకు వాడుచున్న మాటలను గమనించినచో ఆ వింత తగ్గును. అక్షరము, పదము, పఠనము, ప్రతిలేఖనము, అనువాదము, లేఖనదోషము, పరిష్కరణము - ఇవన్నియు మన శాఖలో దినదినము వాడుకలోనున్న మాటలే. వారు వీనిని మననుండి ఎరువు తెచ్చుకొనిరి. ఎరువిచ్చినవారికి తమ సొమ్ము ఎట్లు వాడబడుచున్నదో విచారించు హక్కు కలదు. ఈ లిపిరూపకము న్యూక్లిక్ ఆమ్లముల నిర్మాణమును బోధించుటకు మిక్కిలి తోడ్పడుననియు, జీవము మొదట ఎట్లు పుట్టినదను ప్రశ్నకు వచ్చుసరికి అదే రూపకము అసలు చిక్కును కప్పిపుచ్చుననియు మా అభిప్రాయము.

మొదట పేరును గూర్చి ఒక మాట. న్యూక్లియస్ అనగా కణకేంద్రకము గనుక మన పాఠ్యగ్రంథకర్తలు కొందఱు వీనిని కేంద్రకామ్లములనిరి. మాట చక్కనిదే. కాని కేంద్రకమే లేని బాక్టీరియాలందును ఈ ఆమ్లములు కలవు. కేంద్రకము గల కణములందును వీనిలో ఒక తెగ అధికభాగము కేంద్రకమునకు వెలుపలనే పనిచేయును. మూలమునందలి పేరే సగము పొరపాటు. దానిని అనువదించినచో ఆ పొరపాటు మన భాషలో మఱింత స్పష్టముగా పలుకును. కావున వినుటకు పరాయిదైనను న్యూక్లిక్ ఆమ్లమనియే వ్యవహరింతుము.

ఆ పేరు పుట్టిన విధమిది. 1869లో జర్మనీలోని ట్యూబింగెన్ నగరమున ఫ్రీడ్రిష్ మీషర్ అను యువవైద్యుడు, పాతకోటలోని వంటశాలను మార్చి ఏర్పఱచిన ప్రయోగశాలలో, చికిత్సాలయమునుండి తెప్పించుకొనిన కట్టుగుడ్డల చీమును కడిగి, అందలి తెల్లకణముల కేంద్రకములనుండి ఒక పదార్థమును వేఱుపఱచెను. అది మాంసకృత్తులవలె ప్రవర్తింపలేదు. దానిలో భాస్వరము విశేషముగా నుండెను. దానికి అతడు న్యూక్లీను అని పేరిడెను. వంశపారంపర్యమునకు మూలమగు వస్తువు ఆసుపత్రివారు పారవేయు గుడ్డలలో దొరకినదన్నమాట. అది అట్టిదని గుర్తించుటకు ఇంకను 75 సంవత్సరములు పట్టినది.

న్యూక్లిక్ ఆమ్లము ఒక పొడవైన గొలుసు. దాని ఒక్కొక్క లంకెను న్యూక్లియోటైడు అందురు. లంకెయందు మూడు భాగములు కలవు: ఐదు కర్బన పరమాణువులు గల ఒక చక్కెర, దానికి ఒక ప్రక్క ఫాస్ఫేటు, మఱియొక ప్రక్క నత్రజనితో కూడిన ఒక క్షారము. చక్కెర, ఫాస్ఫేటు, మరల చక్కెర, మరల ఫాస్ఫేటు - ఇట్లు గొలుసు సాగును. ఈ వెన్నెముక ఆద్యంతము ఒక్కటే తీరు. తోరణమునకు త్రాడెట్టిదో ఇది అట్టిది. త్రాటికి వ్రేలాడు ఆకులలోనే భేదము. ఆ ఆకులు నాలుగు తెగల క్షారములు: అడినీను, గ్వానీను, సైటొసీను, థైమీను. మొదటి రెండును రెండేసి వలయములు గల పెద్ద అణువులు. తక్కిన రెండును ఏకవలయములు. గొలుసునకు దిశ కూడ కలదు. ఒక కొన మఱియొక కొనవంటిది కాదు. తెలుగు వ్రాత ఎడమనుండి కుడికే సాగునట్లు కణము దీనిని ఒక వైపునుండియే చదువును.

ఈ ఆమ్లములు రెండు విధములు. చక్కెర రైబోసు అయినచో అది ఆర్.ఎన్.ఏ.; రైబోసులో రెండవ కర్బనము వద్దనున్న ఆమ్లజని పరమాణువు ఒక్కటి లోపించినచో అది డీఆక్సీరైబోసు, ఆ గొలుసు డి.ఎన్.ఏ. ఇది గాక డి.ఎన్.ఏ.లోని థైమీను స్థానమున ఆర్.ఎన్.ఏ.లో యురాసిల్ ఉండును. చూచుటకు ఒక పరమాణువు భేదమే. కాని ఆ ఒక్క ఆమ్లజని చేయు పని చాల పెద్దది. అది ప్రక్కనున్న ఫాస్ఫేటుపై దాడి చేసి తన గొలుసును తానే తెంపుకొనగలదు. కావున ఆర్.ఎన్.ఏ. అల్పాయువు, డి.ఎన్.ఏ. దీర్ఘాయువు. ప్రాచీనజీవుల ఎముకలనుండి లక్షలయేండ్లనాటి డి.ఎన్.ఏ. నేడు చదువబడుచున్నదనిన దానికి మూలము ఈ లోపమే. అయితే ఆర్.ఎన్.ఏ.ను అస్థిరము చేసిన ఆ చురుకుదనమే దానికి మఱియొక శక్తిని కూడ ఇచ్చినది. ఆ సంగతి ముందు తెలియగలదు.

రైబోసును 1909లోను, డీఆక్సీరైబోసును 1929లోను గుర్తించినది న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు సంస్థకు చెందిన ఫీబస్ లెవీన్. ఆయన చేసిన మేలు చాల గొప్పది. కాని ఆయన ఊహ ఒకటి శాస్త్రమును చాలకాలము ఆటంకపఱచినది. నాలుగు క్షారములును సమానభాగములుగ, ఒకే వరుసలో, మరల మరల వచ్చుచుండునని ఆయన తలంచెను. "అ ఆ ఇ ఈ" అను నాలుగు అక్షరములే పుటలకొలది ఆవృత్తి యైనచో ఆ గ్రంథములో ఏమి చెప్పబడును? ఏమియు లేదు. కావుననే వంశలక్షణములను మోయునది ఇరువది తెగల అమైనో ఆమ్లములతో కూడిన మాంసకృత్తే కావలెనని అందఱును నిశ్చయించుకొనిరి. 1944లో అదే సంస్థలో ఆస్వాల్డ్ ఏవరీ, మెక్లాడ్, మెకార్టీ అనువారలు నిరపాయకరమగు న్యుమోనియా బాక్టీరియాను అపాయకరముగా మార్చు పదార్థము శుద్ధమగు డి.ఎన్.ఏ.యే అని చూపిరి. అప్పటికిని నమ్మనివారే ఎక్కువ. పిమ్మట ఎర్విన్ షార్గాఫ్ వివిధజీవుల డి.ఎన్.ఏ.ను విశ్లేషించి, నాలుగు క్షారములును సమానములు కావనియు, జాతిని బట్టి వాని పాళ్లు మాఱుననియు, అయినను ఎచ్చటనైనను అడినీను థైమీనుతోను, గ్వానీను సైటొసీనుతోను ఇంచుమించు సరిసమానముగ నుండుననియు 1950 నాటికి తేల్చెను. లెవీన్ ఊహ అంతటితో పోయినది. క్రొత్త సమానత్వమునకు మాత్రము కారణము తెలియలేదు.

కారణము 1953లో తెలిసినది. లండనులోని కింగ్స్ కళాశాలలో రోసలిండ్ ఫ్రాంక్లిన్, ఆమె శిష్యుడు గోస్లింగ్ డి.ఎన్.ఏ. పోగులపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి చిత్రములు తీయుచుండిరి. 1952 మే నెలలో లభించిన చిత్రమొకటి మెలికను నిస్సందేహముగా చూపినది. ఆ చిత్రమును ఆమెకు తెలియకుండ కేంబ్రిడ్జివాడగు వాట్సన్ చూచెను. ఆయనయు క్రిక్‌యు నిర్మించిన నమూనా 1953 ఏప్రిల్ 25వ తేదీన ప్రకటింపబడినది. ఫ్రాంక్లిన్ 1958లో 37వ యేట మరణించెను; 1962లో నోబెల్ బహుమానము వాట్సన్, క్రిక్, విల్కిన్స్ అను మువ్వురకు వచ్చినది. పరుల పాఠమును గ్రహించి మూలమును తగినంతగా పేర్కొనకపోవుట మన రంగములో ఎట్టి దోషమో అచ్చటను అట్టి దోషమే.

ఆ నిర్మాణమిది. రెండు గొలుసులు ఎదురెదురు దిశలలో సాగుచు ఒకదానినొకటి పెనవేసికొని యుండును. వెన్నెముకలు వెలుపల, క్షారములు లోపల. ఒక గొలుసులోని అడినీను ఎదుట రెండవదానిలో థైమీనే యుండును. వానిని రెండు ఉదజని బంధములు కలుపును. గ్వానీను ఎదుట సైటొసీనే. అచ్చట మూడు బంధములు. పెద్దదాని ఎదుట చిన్నదే వచ్చును గనుక జంటలన్నిటి వెడల్పును సమానము. మెలిక ఎచ్చటను ఉబ్బదు, నొక్కుకొనదు. దాని వ్యాసము సుమారు రెండు నానోమీటర్లు, అనగా మిల్లీమీటరులో అయిదులక్షలవ వంతు. పది జంటలకు కొంచెము మించి ఒక చుట్టు పూర్తియగును.

జంటల ఈ నియమమును మన విద్యార్థులకు చెప్పుటకు యతిని మించిన ఉపమానము మాకు తోచలేదు. తాళపత్రమున యతిస్థానమునందలి అక్షరమును పురుగు తినివేసినచో పరిష్కర్త ఏమి చేయును? పాదాద్యక్షరమును చూచును, దానికి మైత్రి గల అక్షరములేవో తలపోసి శిథిలాక్షరమును పూరించును. కణముకూడ సరిగా ఇట్లే చేయును. ఎండలోని అతినీలలోహిత కిరణములచేతనో, రసాయనములచేతనో ఒక గొలుసులోని క్షారము చెడినచో, కొన్ని ఎంజైములు ఆ భాగమును కత్తిరించి తీసివేసి, ఎదుటి గొలుసును బట్టి సరియైన క్షారమును నిలుపును. ఒక్క భేదము కలదు. యతిమైత్రి ఒక అక్షరవర్గమునే సూచించును గాని ఒక్క అక్షరమును నిర్ణయింపదు. పరిష్కర్తకు అర్థవిచారము, ఛందోజ్ఞానము కావలెను. క్షారమైత్రిలో ఒకదానికి ఒకటే మిత్రుడు. కణమునకు అర్థము తెలియనక్కఱలేదు.

ప్రతిలేఖనమునకును ఇదియే ఆధారము. రెండు గొలుసులును విడిపోయి, ఒక్కొక్కదాని ఎదుట క్రొత్త గొలుసు అల్లబడును. ఇట్లే జరుగునని 1958లో మెసెల్సన్, స్టాల్ అనువారలు బరువైన నత్రజనిని ఉపయోగించి చూపిరి. ప్రతి పిల్లప్రతిలోను సగము తల్లిప్రతి యుండును. మన తాళపత్రముల విషయమున ఇట్టిది ఎన్నడును లేదు. వ్రాయసకాడైన ఎంజైము తాను వ్రాసినదానిని తానే సరిచూచుకొనును; అది తప్పించుకొనినదానిని మఱికొన్ని ఎంజైములు దిద్దును. కడకు వందకోట్ల అక్షరములకు ఒక తప్పు మిగులుట కూడ అరుదు. మానవుని వంశగ్రంథము సుమారు మున్నూరుకోట్ల అక్షరములనగా ఈ లేఖకుని నేర్పు ఎట్టిదో ఊహింపవచ్చును.

ఇక అర్థమునకు వత్తము. డి.ఎన్.ఏ.లోని వరుస ముందు ఆర్.ఎన్.ఏ.గా ప్రతిలిఖితమై, రైబోజోమను యంత్రముచేత మూడేసి అక్షరములుగా చదువబడి, ఒక్కొక్క త్రికమునకు ఒక్కొక్క అమైనో ఆమ్లము చొప్పున మాంసకృత్తుగా మాఱును. నాలుగక్షరములను మూడేసిగా కూర్చినచో 64 త్రికములు వచ్చును. వానిలో 61 అమైనో ఆమ్లములను తెలుపును, మూడు విరామచిహ్నములు. ఇరువది అమైనో ఆమ్లములకు 61 పదములనగా పర్యాయపదములు సమృద్ధిగా నున్నవి. 1961లో నైరెన్‌బర్గ్, మథాయీ అనువారలు యురాసిల్ ఒక్కటియే గల ఆర్.ఎన్.ఏ.ను ఇచ్చి, ఫినైల్ అలనీను ఒక్కటియే గల గొలుసును రాబట్టి మొదటి పదమునకు అర్థము చెప్పిరి. అవిభక్త పంజాబులో పుట్టిన హరగోవింద ఖొరానా నిర్ణీతమగు వరుసలు గల ఆర్.ఎన్.ఏ.లను నిర్మించి ఈ నిఘంటువు పూర్తియగుటకు ముఖ్యకారకుడయ్యెను. 1966 నాటికి నిఘంటువు సమాప్తమైనది.

లిపిరూపకము ఇంతవరకు చక్కగా నడచినది. అది అన్నిటికంటె బాగుగా అతుకు తావు ప్రతుల వంశవృక్షము. రెండు తాళపత్రప్రతులలో ఒకే విలక్షణమగు తప్పు కనబడినచో అవి ఒకే మాతృకనుండి వచ్చినవని పరిష్కర్తలు నిశ్చయింతురు. కార్ల్ వూజ్ ఇదే పద్ధతిని రైబోజోములోని ఆర్.ఎన్.ఏ.కు వర్తింపజేసి, జీవుల పాఠాంతరములను పోల్చి, బాక్టీరియాలుగా భావింపబడుచున్న కొన్ని సూక్ష్మజీవులు నిజమునకు వేఱొక మహాశాఖకు చెందినవని 1977లో చూపెను. ఆ శాఖకు నేడు ఆర్కియా అని పేరు. అతడు చేసినది పాఠపరిష్కరణమే. వ్రాసిన హస్తమును గాక చేసిన తప్పును నమ్ముట రెండు శాస్త్రములకును సమానసూత్రము.

అయితే తాళపత్రమునకు వెలుపల ఒక వ్రాయసకాడును ఒక పాఠకుడును ఉందురు. వారు ఆ గ్రంథమునుండి పుట్టినవారు కారు. వ్రాయసకాడు లేకున్నను ఆకు ఆకుగానే యుండును. ఆకులు కాలిపోయినను వ్రాయసకాడు బ్రతికియుండును. కణములో ఇట్లు కాదు. డి.ఎన్.ఏ.కు ప్రతి వ్రాయు ఎంజైము మాంసకృత్తు. ఆ మాంసకృత్తును నిర్మించు విధము ఆ డి.ఎన్.ఏ.లోనే వ్రాయబడియున్నది. చదువు యంత్రముయొక్క భాగములును అందే వ్రాయబడియున్నవి. గ్రంథము లేనిదే వ్రాయసకాడు పుట్టడు. వ్రాయసకాడు లేనిదే గ్రంథము నిలువదు. తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయమందురు. జీవమును 'గ్రంథము' అని పిలిచి తృప్తిపడు పాఠ్యపుస్తకము ఈ చిక్కును విద్యార్థికి చూపనే చూపదు. గ్రంథమనగానే కర్తయు పాఠకుడును వెలుపల ఎచ్చటనో ఉన్నారని అతని మనస్సు తనంతట తాను సమాధానపడును.

విత్తు ముందా, చెట్టు ముందా అను ప్రశ్నకు మన శాస్త్రకారులు బీజాంకురన్యాయమును చెప్పి, పరంపర అనాదియైనచో దోషము లేదనిరి. జీవవిషయమున ఆ సమాధానము చెల్లదు. భూమి అనాది కాదు. దాని వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములు. సూక్ష్మజీవుల జాడలు సుమారు 350 కోట్ల సంవత్సరములనాటి శిలలలో కలవు. నడుమ ఎచ్చటనో ఈ పరంపర మొదలుకావలెను. జీవము వేఱొక గోళమునుండి వచ్చినదన్నను ప్రశ్న ఆ గోళమునకు మాఱునేగాని తీఱదు.

ఈ ప్రశ్నను ప్రయోగశాలకు తెచ్చిన సంవత్సరము కూడ 1953 యే కావడము విశేషము. అంతకుముందు 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో హాల్డేన్, ఆదికాలపు సముద్రములలో కర్బనపదార్థములు పోగుపడి వానినుండి జీవము పుట్టియుండునని ప్రతిపాదించిరి. ఈ హాల్డేన్ 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరమున మరణించెను. డి.ఎన్.ఏ. నమూనా వెలువడిన ఇరువది దినములకు, మే 15వ తేదీన, షికాగో విశ్వవిద్యాలయ విద్యార్థియైన స్టాన్లీ మిల్లర్ తన ప్రయోగఫలితమును ప్రకటించెను. గాజుపాత్రలలో మీథేను, అమోనియా, ఉదజని, నీటియావిరులను నింపి, విద్యుత్స్ఫులింగములను ప్రసరింపజేయగా కొన్ని దినములలో గ్లైసీను మొదలగు అమైనో ఆమ్లములు ఏర్పడినవి. ఆదికాలపు వాతావరణములో మీథేను, అమోనియాలు అంత విస్తారముగా నుండవని తరువాతివారు అభిప్రాయపడిరి. ఆ ఆక్షేపణ బలమైనదే. అయినను అమైనో ఆమ్లములు దుర్లభములు కావని తేలినది. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ వద్ద పడిన ఉల్కలో అవి కనబడినవి. బెన్నూ అను గ్రహశకలమునుండి 2023లో భూమికి చేర్పబడిన ధూళిలో, జీవులు వాడు ఇరువదింటిలో 14 అమైనో ఆమ్లములును, న్యూక్లిక్ ఆమ్లములందలి క్షారములైదును కలవని 2025లో ప్రకటింపబడినది.

న్యూక్లిక్ ఆమ్లముల విషయమున లెక్క ఇంకను సరళము. అడినీను అణువులో ఐదు కర్బనములు, ఐదు ఉదజనులు, ఐదు నత్రజనులు కలవు. ఇవి ఒక్కొక్కటి చేరినచో హైడ్రోజన్ సయనైడు అను ఘోరవిషము. ఆ విషపు అణువులు ఐదు కలిసినచో అడినీను! 1960 ప్రాంతమున హ్వాన్ ఓరో అమోనియం సయనైడు ద్రావణమును వేడిచేసి దీనిని నిజముగనే పొందెను. అట్లే ఫార్మల్డిహైడు అణువులు ఐదు కలిసినచో రైబోసు లెక్క సరిపోవును. ఫార్మల్డిహైడునుండి చక్కెరలు పుట్టునని 1861లోనే బుత్లెరోవ్ చూపియుండెను. చిక్కు కూర్పులో నున్నది. ఆ చర్యలో పుట్టు పలుచక్కెరల గుంపులో రైబోసు స్వల్పము, అస్థిరము. పుట్టినను నీటిలో క్షారమునకు అంటుకొనుట మహాకష్టము. 2009లో ఇంగ్లండులో సదర్లాండ్ బృందమువారు చక్కెరను, క్షారమును వేఱువేఱుగా చేసి అతికించు ప్రయత్నమునే విడిచి, రెండింటికిని సగము సగము చెందిన ఒక నడిమి అణువుద్వారా న్యూక్లియోటైడులను రాబట్టిరి. ఇది చాల తెలివైన మార్గము. కాని ఏ పదార్థమును ఎప్పుడు ఎంత వేయవలెనో గమ్యమెఱిగిన రసాయనజ్ఞుడు నిర్ణయించినాడని మఱువరాదు.

అన్యోన్యాశ్రయమును విడదీసిన ఘట్టము మఱియొకటి. గ్రంథమే వ్రాయసకాడు కాగలిగినచో? 1960 దశకము చివర వూజ్, క్రిక్, ఆర్గెల్ అను మువ్వురును ఆర్.ఎన్.ఏ.కు ఎంజైము పని చేయు శక్తి యుండవచ్చునని వేఱువేఱుగ సూచించిరి. ఆనాడు అది ఊహమాత్రమే. 1982లో కొలరాడోలో థామస్ చెక్, టెట్రాహైమీనా అను ఏకకణజీవిలోని ఒక ఆర్.ఎన్.ఏ. తనలోని అనవసరభాగమును తానే కత్తిరించుకొని కొనలను అతుకుకొనుట కనుగొనెను. ఆ పనిని చేయు మాంసకృత్తు కొఱకు ఆయన వెదకెను. మాంసకృత్తులన్నియు తీసివేసినను పని జరుగుచునే యుండెను. సిడ్నీ ఆల్ట్‌మన్ మఱియొక ఉదాహరణమును చూపెను. ఇరువురకును 1989లో నోబెల్ బహుమానము వచ్చినది. ఏకపోగైన ఆర్.ఎన్.ఏ. తనమీద తాను మడిగి, జంటలు కూర్చుకొని, మాంసకృత్తువలె గుంటలు, మూలలు గల ఆకారమును పొందును. మనము ముందు చెప్పిన ఆ ఆమ్లజని చురుకుదనము ఇచ్చట ఉపకరించును. ఒకే అణువు తన వరుసచేత గ్రంథము, తన మడతచేత పనివాడు. డి.ఎన్.ఏ.యు, మాంసకృత్తులును పుట్టకమునుపు ఆర్.ఎన్.ఏ.యే రెండు పనులను నిర్వహించిన యుగమొకటి యుండెనను ఈ వాదమునకు 1986లో గిల్బర్ట్ 'ఆర్.ఎన్.ఏ. ప్రపంచము' అని పేరిడెను.

దీనికి అన్నిటికంటె గట్టి సాక్ష్యము నేటి ప్రతి కణములోను కలదు. 2000లో రైబోజోము నిర్మాణము తెలిసినపుడు, అమైనో ఆమ్లములను అతుకు చోటున మాంసకృత్తు లేదనియు, అచ్చట నున్నది ఆర్.ఎన్.ఏ. మాత్రమే యనియు బయటపడినది. ఈ కృషికి స్టైట్జ్, యోనాత్, చిదంబరమున జన్మించిన వెంకట్రామన్ రామకృష్ణన్ 2009లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. లోకమునందలి మాంసకృత్తులన్నిటిని నేటికిని ఆర్.ఎన్.ఏ.యే అల్లుచున్నది.

రెండవ సాక్ష్యము తెలుగువారికి దగ్గఱిది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి 1929లో ఏ.టీ.పీ. అను పదార్థమును కనుగొనిరి. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ కూడ దానిని వేఱుగ కనుగొనెను. జీవులన్నిటిలో శక్తి చేతులు మాఱునది ఈ నాణెముతోనే యని మన విద్యార్థులందఱును ఎఱుగుదురు. కాని ఏ.టీ.పీ. అనగా అడినీను, రైబోసు, మూడు ఫాస్ఫేటులు, అనగా ఆర్.ఎన్.ఏ. నాలుగక్షరములలో ఒకటి, గొలుసులో చేరుటకు సిద్ధముగనున్న రూపము. చేరునపుడు రెండు ఫాస్ఫేటులు విడిపోవును. అందు వెలువడు శక్తియే కూర్పునకు కూలి. అక్షరమును నాణెమును ఒకే వస్తువు కావడము కేవలము కాకతాళీయమా? మఱికొన్ని ముఖ్యమగు సహాయక అణువులు, ఎన్.ఏ.డి., ఎఫ్.ఏ.డి., కో-ఎంజైమ్ ఏ మొదలగునవి, తమ పనికి ప్రత్యక్షముగ అక్కఱలేకున్నను ఈ అడినీను-రైబోసు భాగమును తోకవలె మోయుచున్నవి. ఇవి ఆర్.ఎన్.ఏ. యుగపు శిథిలములని 1976లో హరాల్డ్ వైట్ వాదించెను. పూర్వరూపము మఱుగుపడినను సమాసములలో నిలిచియున్న ప్రాచీనశబ్దములవంటివి యివి; ఈ వాదము మాకు సమంజసముగ తోచుచున్నది. సుబ్బారావుగారు పిమ్మట లెడర్లీ ప్రయోగశాలలలో నడపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనలనుండి వెలువడిన అమినాప్టెరిన్ అను ఔషధము థైమీను తయారీని అడ్డగించి కణవిభజనమును ఆపును. దానిని లుకేమియా సోకిన బాలురకు ఇచ్చి ఫార్బర్ పొందిన ఫలితములు 1948లో వెలువడినవి. అక్షరము దొరకనిదే ప్రతి వ్రాయబడదు గదా.

ఆర్.ఎన్.ఏ. ప్రపంచవాదములోని కొఱతలను దాచుట తగదు. తనను తాను పూర్తిగా ప్రతి వ్రాసికొనగల ఆర్.ఎన్.ఏ. ప్రకృతిలో కనబడలేదు. ప్రయోగశాలలో ఎన్నికచేసి పెంచిన ఆర్.ఎన్.ఏ. లేఖకులు 2001లో 14 అక్షరములవరకును, 2011లో అనుకూలమగు వరుసలపై 95 అక్షరములవరకును వ్రాయగలిగినవి. లేఖకుని దేహమే సుమారు రెండువందల అక్షరములు. ఇంతకంటె లోతైన ఆటంకమును 1971లో మాన్‌ఫ్రెడ్ ఐగెన్ చూపెను. నూటికొక తప్పు చేయు వ్రాయసకాడు సుమారు నూరక్షరములకు మించిన పాఠమును తరతరములు నిలుపలేడు. తప్పులు పేరుకొని పాఠము కరగిపోవును. పొడవైన పాఠము నిలువవలెననిన నేర్పరియగు లేఖకుడు కావలెను. నేర్పరియగు లేఖకుని వర్ణించుటకు పొడవైన పాఠము కావలెను. అన్యోన్యాశ్రయము తలుపువద్దనుండి పోయి కిటికీలో తిరిగి ప్రత్యక్షమైనది. పోనీ, లేఖకుని వెలుపలనుండి ఇచ్చినచో? 1967లో స్పీగెల్‌మన్ ఒక వైరసు ఆర్.ఎన్.ఏ.ను, దానిని ప్రతివ్రాయు ఎంజైమును గాజునాళికలో వేసి, త్వరగా వ్రాయబడినదానినే ముందు నాళికకు మార్చుచు పోయెను. 74 మార్పులకు ఆ ఆర్.ఎన్.ఏ. తనలో 83 శాతమును వదలుకొని, సంగ్రహమై, అతివేగముగ ప్రతులు పుట్టించు నిరర్థకపాఠముగా మిగిలినది. ప్రతులు పెరుగుట వేఱు, గ్రంథము పెరుగుట వేఱు. పొట్టిపాఠములు పొడవుపాఠముల ఆహారమును తినివేయకుండ వానిని వేఱువేఱు సంచులలో బంధింపవలెను. అందుకే షోస్టాక్ మొదలగువారు క్రొవ్వుఆమ్లముల బుడగలలో ఆర్.ఎన్.ఏ.ను ఉంచి పరిశీలించుచున్నారు. సముద్రగర్భమునందలి ఉష్ణజలరంధ్రముల వద్ద పాఠముకంటె ముందు రసాయనచక్రములే ప్రారంభమైనవని చెప్పువారును కలరు. వారి వాదమున శక్తివిచారము బలమైనది. కాని పాఠము ఎట్లు ప్రవేశించినదో వారును చెప్పవలసియే యున్నది.

సంభావ్యతావాదమును గూర్చి ఒక మాట. నూరు అమైనో ఆమ్లముల మాంసకృత్తు యాదృచ్ఛికముగ ఏర్పడు అవకాశము ఒకటి ప్రక్కన 130 సున్నలు గల సంఖ్యలో ఒక వంతనియు, కావున జీవము పుట్టనే పుట్టదనియు కొందఱు లెక్కలు వేయుదురు. గుణకారము సరియే. కాని ఒక్క వరుసయే పనికివచ్చుననియు, అది ఒక్క గంతులో రావలెననియు అందులో అంగీకరింపబడినది. 1993లో బార్టెల్, షోస్టాక్ అనువారలు, ఒకటి ప్రక్కన పదునైదు సున్నలు చేర్చినంత సంఖ్యలో యాదృచ్ఛికములగు ఆర్.ఎన్.ఏ.లను కలిపి, ఆర్.ఎన్.ఏ. కొనలను అతుకగలవానిని ఏఱగా, పెక్కు వేఱువేఱు వరుసలు ఆ పనికి సమర్థములుగా తేలినవి. అర్థవంతములగు పాఠములు అరుదే గాని ఒంటరివి కావు.

కడపటి చిక్కు నిఘంటువునకు చెందినది. మన శాస్త్రమునకు మిక్కిలి సమీపమైనది. ఒక త్రికమునకు ఒక అమైనో ఆమ్లమే ఏల అర్థము కావలెను? శబ్దార్థసంబంధము నిత్యమని మీమాంసకులు, సంకేతజన్యమని నైయాయికులు వాదించిరి. 1968లో క్రిక్, ఈ సంబంధము ఆదిలో యాదృచ్ఛికముగ కుదిరి, పిమ్మట మార్చినచో గ్రంథమంతయు చెడును గనుక ఘనీభవించినదనెను. ఇది నైయాయికపక్షము. మానవుని మైటోకాండ్రియాలలో ఒక విరామత్రికము ట్రిప్టొఫాను అను అమైనో ఆమ్లమును తెలుపునని 1979లో తెలియుట ఈ పక్షమునకు అనుకూలము. నిత్యసంబంధమైనచో ఇట్టి దేశ్యప్రయోగము పొసగదు. రెండవపక్షమువారు, అర్జినీనును పట్టుకొనునట్లు ఎన్నికచేయబడిన ఆర్.ఎన్.ఏ.లలో అర్జినీను త్రికములే తఱచుగ కనబడుచున్నవని చూపుదురు. నిఘంటువు కూర్పు కూడ గ్రుడ్డిది కాదు. ఒక్క అక్షరము తప్పినను పెక్కుతావుల అదే అమైనో ఆమ్లమో, దానివంటిదో వచ్చునట్లు అది అమరియున్నది. మా దృష్టిలో మూలమున కొన్ని సంబంధములు సహజములు, తక్కినవి రూఢములు.

ఈ రూఢిని నేడు కాపాడునవి ప్రతి త్రికమునకు తగిన అమైనో ఆమ్లమును జతచేయు ఎంజైములు, ఇంచుమించు ఇరువది. అవియు మాంసకృత్తులే, ఆ నిఘంటువును బట్టియే అవి నిర్మింపబడును. చక్రముయొక్క చివరి కట్టు ఇచ్చటనే యున్నది. ఆ జతచేయు పనిని ఆర్.ఎన్.ఏ. కూడ చేయగలదని 1995లో యారస్ బృందమువారు ప్రయోగశాలలో చూపిరి. నేటి కణములలో మాత్రము ఆ పని మాంసకృత్తుల చేతిలోనే కలదు.